గురజాడ అప్పారావు పంతులుగారు – రంగస్థలము నుండి టెలివిజన్ తెర దాక

1892 వ సంవత్సరమున విజయనగరమందు జగన్నాథ విలాసినీ సభవారు కన్యాశుల్క నాటకమును మొట్టమొదట ప్రదర్శించిరి. ఆ రాత్రి గిరీశము వేషము ధరించినవాని నడక యెట్టిదో, మధురవాణి మాటలాడుచుండగా సభ యెచ్చట నవ్వెనో, యెచ్చట మౌనము వహించెనో నేడు చెప్పగలవారు లేరు. నాటకము వ్రాసినవారు పోయినను కాగితము మిగులును. ఆడినవారు పోయిన పిదప మిగులునది చూచినవారి జ్ఞాపకము మాత్రమే. చూచినవారు కూడ పోయినచో అదియు లేదు. ఈ కష్టము లోకమందలి నాటకముల కన్నిటికిని కలదు. అయినను గురజాడ అప్పారావు పంతులుగారి నాటకము నూట ముప్పది యేండ్లు దాటియు జీవించియున్నది. అది యే దారుల వెంట మన వరకు వచ్చినదో తెలిసికొనవలెనన్న ముందుగా పంతులుగారి చరిత్రము తెలియవలెను.

అప్పారావుగారు 1862 సెప్టెంబరు 21 వ తేదీన, నాటి విశాఖపట్టణము జిల్లాలో ఎలమంచిలికి చేరువనున్న రాయవరమున, మేనమామల యింట జన్మించిరి. ఆ గ్రామము నేడు అనకాపల్లి జిల్లాలోనిది. తండ్రి వేంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. తండ్రి విజయనగర సంస్థానమున ఉద్యోగి. బాల్య విద్య చీపురుపల్లిలో జరిగినది. తండ్రి మరణానంతరము బాలుడు విజయనగరము చేరెను. ఆశ్రయము లేని ఆ విద్యార్థికి కళాశాలాధ్యక్షులైన చంద్రశేఖరశాస్త్రిగారు తమ యింటనే వసతియు భోజనమును కల్పించిరి. ఆ దినములలో పేద పిల్లలు వారములు చెప్పుకొని చదువుకొనుట పరిపాటి. ఒక్క యింట స్థిరముగా అన్నము దొరకుట గొప్ప అదృష్టము. శాస్త్రిగారు పెట్టిన ఆ అన్నమునకు తెలుగు సాహిత్యము ఋణపడియున్నదనుట అతిశయోక్తి కాదు.

1882 లో మెట్రిక్యులేషను, 1884 లో ఎఫ్.ఏ., 1886 లో బి.ఏ. పరీక్షలందు అప్పారావుగారు కృతార్థులైరి. నడుమ 1884 లో ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులై నెలకు 25 రూపాయల వేతనము గైకొనిరి. 1885 లో అప్పల నరసమ్మగారితో వివాహమైనది. కొంతకాలము డిప్యూటీ కలెక్టరు కచేరిలో గుమాస్తా పని చేసి, పిదప విజయనగర కళాశాలలో అధ్యాపకులైరి. సహాధ్యాయులలో గిడుగు రామమూర్తి పంతులుగా రొకరు. ఈ యిరువురి స్నేహమును గూర్చి ముందు చెప్పవలసియున్నది.

వారి తొలి రచనలు ఆంగ్లమున వెలసినవి. 1883 లో సారంగధర కథను ఆంగ్ల పద్యములలో వ్రాయగా కలకత్తాలో పత్రికాసంపాదకులైన శంభుచంద్ర ముఖర్జీగారు దానిని మెచ్చుకొనిరి. మెచ్చుకొని యూరకుండక, పరభాషలో ఎంత వ్రాసినను పరాయివానిగనే మిగులుదురు గావున మాతృభాషయందే వ్రాయుమని హితవు చెప్పిరి. వంగదేశీయు డొకడు చెప్పిన మాట వలన తెలుగువారి కొక మహాకవి దక్కుట విచిత్రము.

విజయనగర ప్రభువులైన ఆనంద గజపతి మహారాజుగారు విద్వాంసులు, రసికులు, నాటకప్రియులు. వారు అప్పారావుగారిని ఆదరించి సంస్థాన శాసన పరిశోధకులుగా నియమించుకొనిరి. ఆ కాలమున విశాఖ మండలమందలి బ్రాహ్మణ కుటుంబములలో ఆడపిల్లకు వెల కట్టి, ముదుసలి వరునకు ముట్టజెప్పుట సర్వసాధారణమై యుండెను. దానినే కన్యాశుల్క మనిరి. మన ప్రాంతమున పెద్దలెరిగిన ఓలి యను మాట దీనికి చుట్టమే గాని, ఓలి అన్ని కులములందు ఒకే తీరుగ లేదు. పసిపాపను ముసలివానికి అమ్ముట దాని లక్షణమును కాదు. మహారాజుగారు ఈ దురాచారమును మాన్ప సంకల్పించి మదరాసు శాసన సభయందు బిల్లు ప్రతిపాదించిరి. అది నెగ్గలేదు. అంతకు ముందు వారు ఒక పని చేయించిరి. మండలమందు మూడేండ్లలో జరిగిన యిట్టి వివాహముల జాబితా తయారు చేయించిరి. ఆ అంకెలను అప్పారావుగారు తమ నాటకము మొదటి కూర్పు పీఠికలో చేర్చిరి.

జాబితా కెక్కిన వివాహములు 1034. ఏడాదికి సగటున 344. వానిలో అయిదేండ్ల వయస్సున పెండ్లియైన బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. కూడి చూచినచో అయిదేండ్లును అంతకు లోపు వయస్సును గల పిల్లలు 188 మంది యగుదురు. అనగా ప్రతి పదకొండు పెండ్లిండ్లలో రెండింట పెండ్లికూతురు అయిదేండ్ల పిల్లయో, అంతకన్న చిన్నదియో. లెక్కల పుస్తకము తిరుగవేయుట అలవాటైనవారికి ఏ ఉపన్యాసము కన్నను ఈ నాలుగు పంక్తులే ఎక్కువ బాధ కలిగించును. శాసన సభయందు ఓడిపోయిన ఆ జాబితా రంగస్థలము మీద గెలిచినది.

కథ పాఠకు లెరిగినదే యైనను సంగ్రహముగ చెప్పుట మంచిది. కృష్ణరాయపురాగ్రహారీకుడైన అగ్నిహోత్రావధానులు చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులను ముసలివానికి అమ్మజూచును. పెద్దకూతురు బుచ్చమ్మ అట్టి పెండ్లి వలననే విధవయై యింట పడియుండును. భార్య వేంకమ్మ నూతిలో పడి ప్రాణము తీసికొనజూచును. ఆమె సోదరుడు కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడవేషము వేసి, అతనినే కన్యగా లుబ్ధావధానులకు అంటగట్టును. అగ్నిహోత్రావధానుల కుమారునకు చదువు చెప్పు నెపమున గిరీశము ఆ యింట చేరి బుచ్చమ్మను లేవదీసికొనిపోవును. వేశ్యయైన మధురవాణి తన తెలివిచేతను, తుదకు తన మనస్సు చేతను కథను నడపును. చివరకు సౌజన్యారావు పంతులు బుచ్చమ్మను పూనా విధవాశరణాలయమునకు పంపించి, గిరీశమును వెడలగొట్టును. ఇంతే కథ. కాని యిందులోని మనుష్యులు అంతకు పూర్వము తెలుగు నాటకమున లేరు. వీరు గద్యపద్యముల నడుమ తూగరు. పెరటిలో, వీధియరుగు మీద, కోర్టు చెట్టు క్రింద మాటలాడినట్లు మాటలాడుదురు.

1897 లో నాటకము ముద్రితమై ఆనంద గజపతిగారికి అంకితమైనది. ఆ యేడాదియే మహారాజుగారు స్వర్గస్థులైరి. పిమ్మట అప్పారావుగారు రాజుగారి సోదరియగు రీవా మహారాణి అప్పల కొండమాంబగారి ఆంతరంగిక కార్యదర్శులుగా పని చేసిరి. సంస్థాన వ్యవహారముల బరువు మోయుచు, అస్వస్థత ననుభవించుచు కూడ వారు నాటకమును విడువలేదు. తిరిగి వ్రాసిరి. అయిదంకముల నాటకము ఏడంకములై, మధురవాణి పాత్ర ఎంతయో పెరిగి, 1909 లో రెండవ కూర్పుగ వెలువడెను. నేడు లోకము కన్యాశుల్కమని పిలుచునది ఈ రెండవదే. ఇచ్చట ఒక మాట గమనింపదగినది. ప్రదర్శింపబడి, అచ్చై, కీర్తి గడించిన గ్రంథమును పండ్రెండేండ్లకు మరల విప్పి క్రొత్తగా కుట్టిన రచయిత తన నాటకమును కదలరాని శిలగా భావించినవాడు కాడు. తరువాతి తరములవారు దానిని మార్చినపుడు కోపించువారు ఈ సంగతి మరచుచుందురు.

1910 లో దిద్దుబాటు కథ ఆంధ్రభారతి పత్రికలో వచ్చెను. ముత్యాల సరముల ఛందస్సు, పూర్ణమ్మ కథ, దేశభక్తి గేయము ఆ రోజులవే. వానిని గూర్చి వేరుగ వ్రాయవలసినంత యున్నది. ఇచ్చట పేరు చెప్పి విడచుచున్నాము.

వారి కడపటి సంవత్సరములు భాషా వివాదమున గడచినవి. బడిపిల్లలు వాడుక భాషలో వ్రాయవచ్చునా, గ్రాంథికమే వ్రాయవలెనా యన్నది ప్రశ్న. గిడుగు రామమూర్తి పంతులుగారు, పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొర వాడుక పక్షము. జయంతి రామయ్య పంతులుగారు మొదలగువారు గ్రాంథిక పక్షము. అప్పారావుగారు 1911 లో మదరాసు విశ్వవిద్యాలయపు పాఠ్య నిర్ణాయక సంఘమున సభ్యులై, అధిక సంఖ్యాకుల నిర్ణయమునకు ఒడంబడక 1914 లో సుదీర్ఘమైన అసమ్మతి పత్రమును సమర్పించిరి. విశ్వవిద్యాలయము పండితుల పక్షమునే నిలచెను. ఆ పత్రము వ్రాసిన చేయి అప్పటికే రోగముచేత బలహీనపడియున్నది. 1915 నవంబరు 30 వ తేదీన, తమ యేబది మూడవ యేట, అప్పారావుగారు విజయనగరమున కన్ను మూసిరి. తాము ఓడితిమో గెలిచితిమో వారికి తెలియలేదు. ఆయన వాదించిన భాషనే నేడు పత్రికలన్నియు వాడుచుండగా, ఆయన జీవితము మాత్రము ఈ పుటలలో ఆయన త్రోసిపుచ్చిన భాషలోనే చెప్పబడుచుండుట చూచి పంతులుగారు నవ్వుకొందురేమో.

వారు పోయిన పిదప నాటకమునకు రెండు చిక్కులు వచ్చినవి. మొదటిది నిడివి. రెండవ కూర్పును మొదటి మాట నుండి తుది మాట వరకు ఆడవలెనన్న ఒక రాత్రి చాలదు. కావున సమాజములవారు తమ కనుకూలమైన రంగములను ఏరుకొని ఆడిరి. గిరీశము మిగిలెను, సౌజన్యారావు పంతులు తగ్గెను, వేంకమ్మ దుఃఖము తెర వెనుకకు పోయెను. రెండవది భాష. విజయనగరపు యాస, అందులోని సంస్కృతము, ఆంగ్లము, హాస్యము కలగలిసిన పలుకుబడి నోట బట్టని నటులకు అది చప్పగా నుండును.

అయినను మహానటులు దానిని భుజముల మీద మోసిరి. స్త్రీ పాత్రలకు పెట్టినది పేరైన స్థానం నరసింహారావుగారు మధురవాణి వేషము ధరించి కీర్తి గాంచిరి. విజయనగర ప్రాంతపు సోదరులు జె.వి. రమణమూర్తి, జె.వి. సోమయాజులుగార్లు 1953 ప్రాంతమున ఈ నాటకమును చేపట్టిరి. రమణమూర్తిగారు గిరీశముగ, సోమయాజులుగారు రామప్ప పంతులుగ ఊరూర ఆడిరి. రమణమూర్తిగారి ప్రదర్శనములు దశాబ్దముల తరబడి సాగి వేయికి మించినవని ప్రసిద్ధి. ఆకాశవాణి విజయవాడ కేంద్రము నాటకమును శ్రవ్యరూపమున ప్రసారము చేసెను. తెర, దీపము, రంగు ఏమియు లేని ఆ ప్రసారము ఒక్క మేలు చేసినది: ఉత్తరాంధ్రపు పలుకు ఎట్లు పలుకవలెనో గోదావరికి ఈవలి జిల్లాలవారికి చెవిలో చెప్పినది. పుస్తకమున చదివినపుడు అడ్డుపడిన మాట, విన్నపుడు సులువుగ దిగును.

1955 ఆగష్టులో పి. పుల్లయ్యగారి దర్శకత్వమున చలనచిత్రము విడుదలయ్యెను. నందమూరి తారక రామారావుగారు గిరీశము, సావిత్రిగారు మధురవాణి, గోవిందరాజుల సుబ్బారావుగారు లుబ్ధావధానులు, విన్నకోట రామన్న పంతులుగారు అగ్నిహోత్రావధానులు, సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు రామప్ప పంతులు. ఘంటసాలగారు సంగీతము. అంతటి నటులు ఒక్క చోట కూడుట మరల జరుగలేదు. కాని చిత్రము మూడు గంటలలో ముగియవలెను, పాటలుండవలెను, నాయకునికి తగిన నాయకుడును ఉండవలెను. ఏడంకములలో ఎంతయో భాగము బయట నిలిచిపోయెను. నాటకమును చదివి చూచినవారికి ఆ చిత్రము ముచ్చట గొలుపును. చూచి ఊరకుండినవారికి నాటకము తెలిసినట్లు కాదు.

ఇక టెలివిజన్. నాటకమును తెరపై చూపుట ఆ యంత్రము పుట్టుకతోనే ఆరంభమైనది. 1930 జూలైలో ఇంగ్లండున పిరాండెల్లో అను ఇటాలియను రచయిత నాటిక నొకదానిని, బొమ్మ అరచేతి యంతయున్న దినములలోనే, ప్రసారము చేసిరి. అదే బ్రిటిష్ ప్రసార సంస్థ 1978 నుండి 1985 వరకు షేక్స్పియరు నాటకములు 37 చిత్రించి ప్రసారము చేసెను. మన దేశమున 1959 లో ఢిల్లీయందు, తరువాత హైదరాబాదునందు దూరదర్శన్ కేంద్రములు వెలసినవి. 1975–76 లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2400 గ్రామములకు కార్యక్రమములు పంపిన ప్రయోగమున ఆంధ్రప్రదేశ్ కూడ చేరియున్నది. అటు పిమ్మట పంచాయతీ కార్యాలయము ముందర ఒక్క పెట్టె చుట్టు ఊరంతయు చాపలు పరచుకొని కూర్చుండిన సాయంకాలములు నడివయస్సు దాటినవారికి జ్ఞాపకముండును.

కన్యాశుల్కమును టెలివిజన్ ధారావాహికగ మలచినవారు రావి కొండలరావుగారు. వారు రంగస్థలము, సినిమా, పత్రికా రచన మూడును ఎరిగినవారు. వారము వారము వచ్చు ధారావాహిక యన్నచో నిడివి చిక్కు విడిపోవును. ఏడంకములు తొందరపడక నడువవచ్చును. రంగస్థలమునకు రాత్రి చాలక, సినిమాకు మూడు గంటలు చాలక విడిచిన రంగములకు చోటు దొరకును. గ్రంథమును పూర్తిగ చూపగల వాహనము తెలుగు దేశమునకు మొదటిసారి లభించినది టెలివిజన్ వలననే యనవచ్చును.

అయితే ఆ పని సులభము కాదు. రంగస్థలమున గిరీశము ప్రేక్షకుల వంక తిరిగి తన మనస్సులోని మాట చెప్పుకొనును, సభ నవ్వును, ఆ నవ్వు ముగియువరకు నటుడు ఆగును. కెమెరా ముందు నవ్వువారు లేరు. ఎంత ఆగవలెనో దర్శకుడు ఊహించుకొనవలసినదే. రంగస్థలమున కడపటి వరుసకు వినబడునట్లు అరువవలసిన మధురవాణి ఎత్తిపొడుపు, తెర మీద పెదవి కదలికతోనే సరిపోవును. ఇది లాభము. మరియొక చోట నష్టము. పురుషులే స్త్రీ వేషములు ధరించిన కాలమున, కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్లగ నటించుట ప్రేక్షకులకు ఎబ్బెట్టుగ నుండలేదు. దూరపు దీపకాంతిలో చెల్లిపోయెను. కెమెరా ముఖము దగ్గరకు పోయినపుడు, లుబ్ధావధానులు ఎట్లు మోసపోయెనని చిన్నపిల్లలు సైతము అడుగుదురు. నాటకములోని ముఖ్యమైన ముడి అక్కడనే యున్నది. దానిని తెర మీద నమ్మించుట దర్శకుని శక్తికి పరీక్ష.

ఇంకొక సంగతి కలదు. టెలివిజన్ వలన నాటకము నిలుచునని యందుము గాని ప్రసారమైనది పదిలపడినట్లు కాదు. వీడియో టేపు ఖరీదు కావున ఒక కార్యక్రమమును చెరిపి దాని మీదనే మరియొకటి పట్టుట పూర్వము పెక్కు దేశములందు వాడుక. 1960, 1970 దశాబ్దములలో బ్రిటిష్ ప్రసార సంస్థ యంతటిది అట్లు చేసి తన నాటకములు ఎన్నియో శాశ్వతముగ పోగొట్టుకొన్నది. చెరుపక దాచిన టేపు కూడ తేమ తగిలిన పాడగును. దానిని నడుపు యంత్రము మూలబడిన, టేపున్నను చూడలేము. పహాణీ ఎరిగినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు. దున్నుచున్న పొలమైనను దస్తరమున నెక్కనిచో నాలుగేండ్లకు తగాదాయే. ధారావాహిక ప్రతులను ఎక్కడ నుంచితిరో, ఎవరి వశమున నున్నవో, క్రొత్త రూపమునకు మార్చితిరో లేదో వ్రాసిపెట్టిన దస్తరము లేనిచో, అది కూడ 1892 నాటి ప్రదర్శనము వలెనే మాటలలో మిగులును.

కాగితము విషయమున కాగజ్‌నగర వాసులకు వేరొకరు చెప్పవలసినది లేదు. కొత్తపేటగ నుండిన ఊరు మిల్లు వచ్చిన పిదప కాగితము పేరనే వెలసినది. 1938 లో ఏర్పడిన ఆ సిర్పూరు కాగితపు మిల్లు 2014 లో మూతబడి, 2018 లో మరల తెరువబడుటయు అందరెరిగినదే. కన్యాశుల్కము బ్రతికినది ముఖ్యముగ కాగితము మీదనే. 1897 నాటి కూర్పు ఉండుటచేతనే రెండు కూర్పులను సరిపోల్చ గలుగుచున్నాము. 1950 దశకమున అవసరాల సూర్యారావుగారు గురజాడ రచనలను సేకరించి విశాలాంధ్ర ద్వారా వెలువరింపకున్నచో, తరువాతి నటునకు గాని దర్శకునకు గాని చేత పట్టుకొన ప్రతి యెక్కడిది? 2007 లో వెల్చేరు నారాయణరావుగారి ఆంగ్లానువాదము అమెరికాలో ముద్రితమై, తెలుగు రానివారికి సైతము నాటకము అందినది.

రమణమూర్తిగారు 2016 లోను, కొండలరావుగారు 2020 లోను గతించిరి. నాటకమును ఒంట బట్టించుకొన్న తరము ఇంచుమించు ముగిసినది. ఇక ముందు కన్యాశుల్కమును ఆడబూనినవారు రెండింటిని ఎదుట నుంచుకొనవలసి యుండును: గ్రంథము నొక చేత, పూర్వుల నటనను చూపు తెర నొక ప్రక్క.

వారికి అప్పారావుగారు ఒక పని మిగిల్చి పోయిరి. నాటకమంతయు సుబ్బి పెండ్లి చుట్టు తిరుగును. తండ్రి బేరమాడును, తల్లి ప్రాణము తీసికొనజూచును, మేనమామ మాయ పన్నును, వేశ్య బుద్ధి చెప్పును, ప్లీడరు వాదించును. సుబ్బి మాటలు మాత్రము మిక్కిలి స్వల్పము. రంగస్థలమున మాట లేని పాత్ర కానరాదు. మూల నిలుచున్న పిల్లను ఎవరును చూడరు. కెమెరాకు మాటతో పని లేదు. పెద్దలు గదిలో వెల నిర్ణయించుచుండగా గడప దగ్గర ఆడుకొనుచున్న పిల్ల ముఖమును అది చూపగలదు. 1034 మంది జాబితాలో వయస్సు తప్ప మరేమియు మిగులని బాలికలలో ఒక్కతెనైనను అట్లు చూడవచ్చును.